తాత చూపించిన తేలు తోక



నేను బీఎస్సీ రెండో సంవత్సరం. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనే మొదలు. ఫిజిక్స్ సార్ సెమినార్‌కి ఒక టాపిక్ ఇచ్చారు: ఎప్పుడో పేలిన నక్షత్రాల ఆనవాళ్లు ఎలా వెతుకుతారు అని. చదువుతుంటే మా తాత గుర్తొచ్చాడు. అందుకే రాస్తున్నా.

1437 మార్చి 11న కొరియాలోని సియోల్‌లో రాజుగారి కొలువులో ఆకాశం చూసేవాళ్లకి తేలు తోకలో ఒక కొత్త చుక్క కనిపించింది. 14 రోజులుండి మాయమైంది. వాళ్లు తేదీతో సహా రాసిపెట్టారు.

నిజానికి అది కొత్త చుక్క కాదు, జంట నక్షత్రం. అందులో ఒకటి శ్వేత కుబ్జం, అంటే ఆరిపోయిన నక్షత్రంలో మిగిలిన ముద్ద. సైజు భూమంత, బరువు మాత్రం దాదాపు సూర్యుడంత. అది పక్క నక్షత్రం నుంచి హైడ్రోజన్ లాక్కుంటది. వేల ఏళ్లు పేరుకున్నాక ఆ పొర ఒక్కసారే పేలుద్ది. దీన్నే నోవా అంటారు. పేలేది పైపొరే, నక్షత్రాలు రెండూ మిగుల్తాయి. ఎగిరిన వాయువు చుట్టూ గుల్లలాగా వ్యాపిస్తది. హైడ్రోజన్ వెలుగును మాత్రమే వదిలే ఫిల్టర్ పెట్టి ఫొటో తీస్తే ఆ మసక గుల్ల పడుద్ది.

మైకేల్ షారా అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు ఏళ్ల తరబడి వెతికి దాన్ని పట్టుకున్నారు. 2017లో ప్రకటించారు. కానీ ఆ జంట గుల్ల మధ్యలో లేదు, పక్కకుంది. మరి ఇదేనా? 1923లో పెరూలో తీసిన గాజు ప్లేటు ఫొటో ఒకటి సాయానికొచ్చింది. అప్పటికీ ఇప్పటికీ చుక్క ఎంత జరిగిందో కొలిచి 1437 దాకా వెనక్కి లెక్కేస్తే, గుల్ల మధ్యకొచ్చింది.

ఇక్కడే నాకు మనసు కలుక్కుమంది. మార్చిలో ఇప్పపూలు ఏరడానికి తెల్లారకముందే వెళ్లేవాళ్లం. తాత దక్షిణం వైపు తేలు తోక చూపించి ఏదో పేరు, ఏదో కథ చెప్పేవాడు. నేను నిద్రమత్తులో ఊ కొట్టేవాణ్ణి. పోయినేడు తాత పోయాడు. అమ్మనడిగితే, "నాకేం తెల్దురా, నువ్వే కదా ఆయనెంట తిరిగావు" అంది.

1437లో మన పెద్దోళ్లు కూడా ఆ ఆకాశం కిందే ఉన్నారు. ఆ చుక్కను చూసే ఉండొచ్చు. మా తాతకి రాయడం రాదు. నాకొచ్చు, అయినా రాసుకోలేదు. తప్పు నాదే.

ఈసారి సెలవులకి ఇంటికెళ్లినప్పుడు మీ ముసలోళ్ల పక్కన కూర్చోండి. చుక్కల పేర్లు అడిగి మన మాటల్లోనే, తేదీ, ఊరి పేరు వేసి రాసుకోండి. నేను మా పెదతాత దగ్గర మొదలుపెడుతున్నా. ఆయనకి చూపు ఆనదు. అయినా, "గుర్తుందిలే, రా" అన్నాడు.