తొమ్మిది రోజులు, నాలుగు దేశాలు, వీపున ఒక సంచీ

ఆఫ్రికా యాత్ర అనగానే మనకి లక్షల ఖర్చే గుర్తొస్తుంది. జీపులో కూర్చుని సింహాలకి ఫొటోలు తీసుకునే డబ్బున్నవాళ్ల సరదా అనుకుంటాం. కానీ 2024 జులైలో ఆరుగురు కాలేజీ పిల్లలు జొహానెస్‌బర్గ్‌లో బయల్దేరి బోట్స్వానా, జాంబియా, జింబాబ్వే చుట్టి వచ్చారు. తొమ్మిది రోజులకి, వీసాలు కాక, మనిషికి 30,000 రూపాయల లోపే అయింది. ఇదంతా నాకెలా తెలుసంటారా? వాళ్ల వెనకాల సంచీ తగిలించుకుని నడిచిన ఏడో మనిషిని నేనే మరి!

మావారి ఉద్యోగం వల్ల మేం బోట్స్వానా రాజధాని గాబరోన్‌లో ఉంటాం. అమ్మాయి జొహానెస్‌బర్గ్‌లో చదువుకుంటోంది. ఇక్కడ జులై అంటే చలికాలం, కాలేజీలకి సెలవులు. మా అమ్మాయి, గుంటూరు నుంచి వచ్చిన దాని స్నేహితురాలు, జాంబియాలోని లివింగ్‌స్టన్ ఊరి అమ్మాయి ఒకతి, బోట్స్వానా కుర్రాళ్లు ఇద్దరు, డర్బన్ కుర్రాడు ఒకడు కలిసి ఈ పథకం వేశారు. డర్బన్ అబ్బాయి ఇంటిపేరు నాయుడు. 1860 నుంచి చెరకు తోటల్లో కూలికని ఓడలెక్కి వెళ్లినవాళ్ల సంతతి. తెలుగు ఒక్క ముక్క రాదు కానీ ఆవకాయ చూపిస్తే కళ్లు మెరుస్తాయి.

గుంటూరు పిల్ల వాళ్లమ్మ ఫోన్ చేసి, “మీరు వెంట ఉంటేనే పంపుతాం వదినగారూ” అంది. ఆ మాటతో నా ప్రయాణం ఖాయమైపోయింది. మావారు మాత్రం, “ఆ పిల్లలతో సమానంగా నువ్వు నడవగలవా?” అని నవ్వారు. రోజూ నడిచే మనిషిని నేనా, ఆయనా?

ముందు కాగితాల సంగతి చెప్పాలి. అక్కడివాళ్లకి పక్క దేశంలోకి వెళ్లడానికి వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు చాలు. మన పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి అలా కుదరదు. దేశానికో పద్ధతి, అదీ తరచు మారుతుంటుంది. కాబట్టి బయల్దేరే ముందు ఆయా దేశాల కార్యాలయాల్లోనే అడిగి తెలుసుకోవాలి. మా దారిలో ఇంకో మెలిక ఉంది. ఆడపిల్లలిద్దరూ బోట్స్వానాలోకి రెండుసార్లు అడుగుపెట్టాలి, పోయేటప్పుడు దక్షిణాఫ్రికా నుంచి, వచ్చేటప్పుడు జింబాబ్వే నుంచి. ఒక్కసారికి మాత్రమే చెల్లే వీసా అయితే తిరుగుదారిలో ఇరుక్కుపోతారు. అందుకని ఎన్నిసార్లయినా వెళ్లిరాగల వీసా కోసం నెలన్నర ముందే అర్జీ పెట్టించాను. పాస్‌పోర్టూ డబ్బూ దాచుకోవడానికి పాత చీర అంచుతో ఏడు సంచులు కుట్టి, బట్టల లోపల నడుముకి కట్టుకోమన్నాను. మగపిల్లలు మొదట సిగ్గుపడ్డారు. బస్టాండులో రద్దీ చూశాక వాళ్లే ముందు కట్టుకున్నారు.

తిండి సంగతి మనకి వదిలేశారుగా. వేయించిన ఉప్మారవ్వ, అటుకులు, కందిపొడి, నిమ్మకాయ పచ్చడి, వేయించిన పల్లీలు సర్దాను. నెయ్యీ పెరుగూ ఇంట్లోనే వదిలేశాను. బోట్స్వానాలో పశువులంటే ప్రాణం. గాలికుంటు వ్యాధి ఒక ప్రాంతం నుంచి ఇంకో ప్రాంతానికి పాకకుండా దేశానికి అడ్డంగా కంచెలు కట్టారు. గాబరోన్ నుంచి ఫ్రాన్సిస్‌టౌన్ పోయే దారిలో డిబెటె దగ్గర అలాంటి కంచె ఉంది. బస్సు ఆపి అందర్నీ దింపి, మందునీళ్లలో తడిపిన పట్టా మీద చెప్పులతో నడిపిస్తారు. సంచుల్లో మాంసం ఉందేమో వెతుకుతారు. నా కందిపొడి డబ్బా మూత తీసి వాసన చూసిన ఆయన వెంటనే తుమ్మాడు. తర్వాత ఆయనే నవ్వుతూ “దుమేలా, మ్మా” అన్నాడు. వాళ్ల సెట్స్వానా భాషలో అది నమస్కారం. ఆడమనిషిని గౌరవంగా పిలవాలంటే ‘మ్మా’ అంటారు. మన ‘అమ్మా’లాగే లేదూ?

ఆ రాత్రి ఫ్రాన్సిస్‌టౌన్‌లో ఆగి, మర్నాడు తెల్లవారకముందే కసానే బస్సెక్కాం. దాదాపు 500 కిలోమీటర్ల దారి. నాటా దాటాక ఊళ్లు పలచబడతాయి, ఏనుగులు మొదలవుతాయి. నేను అబద్ధం చెప్పడం లేదు, తారురోడ్డు మీద మన గేదెలు అడ్డం నిలబడ్డట్టు నిలబడతాయి. ప్రపంచంలో ఏ దేశంలోనూ లేనన్ని ఏనుగులు, సుమారు 1,30,000, బోట్స్వానాలో ఉన్నాయి. అందుకే చీకటి పడ్డాక ఆ దారిలో ప్రయాణం వద్దంటారు. మా పిల్లలు ఖర్చు కలిసొస్తుందని రాత్రి బస్సు ఎక్కుదామన్నారు, నేను ఒప్పుకోలేదు. కసానేలో డబ్బు పెట్టి చేసిన సరదా ఒక్కటే, చోబే నదిలో సాయంత్రం పడవ. ఏనుగుల మంద ఈదుతూ నది దాటింది. గున్న తొండం మాత్రం పైకెత్తి తల్లి పక్కనే ఈదుతుంటే మా ఆరుగురూ నోరు తెరిచి కూర్చున్నారు.

అన్నట్టు, మలేరియా సంగతి మరిచిపోకండి. గాబరోన్‌లో ఆ భయం లేదు కానీ కసానే మొదలుకుని జాంబెజీ నది ఒడ్డంతా ఉంది. చలికాలమే కదా అని ఊరుకోకూడదు. డాక్టర్ని అడిగి బయల్దేరే ముందు నుంచే మాత్రలు వేసుకున్నాం, దోమతెర లేని చోట పడుకోలేదు.

కసానే పక్కనే కజుంగుల. నాలుగు దేశాల నేల దాదాపు ఒక్కచోట కలిసే తావు అది. 2021 మే దాకా ఇక్కడ జాంబెజీని పంటు మీద దాటేవారు, లారీలు రోజుల తరబడి వరసలో ఉండేవి. ఇప్పుడు 923 మీటర్ల వంతెన ఉంది. ఆ వంతెన తిన్నగా ఉండదు, కొడవలిలా వంపు తిరిగి ఉంటుంది. తిన్నగా కడితే జింబాబ్వే హద్దులోకి పోతుందని అలా వంచారు. బోట్స్వానా, జాంబియా అధికారులు ఒకే కప్పు కింద కూర్చుని ముద్రలేస్తారు కాబట్టి రెండు చోట్ల నిలబడే బాధ లేదు.

ఆ వరసలో నిలబడ్డప్పుడే ఈ ప్రయాణం నిజంగా ఎవరిదో నాకు తెలిసింది. మా ముందూ వెనకా అంతా ఆడవాళ్లే. గళ్ల ప్లాస్టిక్ సంచుల్లో దుప్పట్లు, సబ్బులు, పిల్లల బట్టలు, వంటనూనె డబ్బాలు. ఒక దేశంలో చవగ్గా కొని ఇంకో దేశంలో అమ్ముకుని ఇల్లు నడుపుకునేవాళ్లు. ఏ గేటు ఎప్పుడు మూస్తారో, ఏ వ్యాను మనుషులు నిండితే గాని కదలదో, ఎక్కడ మంచం చవకో వాళ్లకి తెలుసు. మా పిల్లలు సెల్‌ఫోన్‌లో వెతుకుతుంటే నేను ఆ ఆడవాళ్లని అడిగేదాన్ని. నా జవాబే ముందొచ్చేది.

లివింగ్‌స్టన్‌లో రెండు రాత్రులూ మా జాంబియా అమ్మాయి వాళ్లింట్లో ఉన్నాం. ఆ ఏడాది అక్కడ పెద్ద కరువు. వానల్లేక మొక్కజొన్న పంట పోయి, ఫిబ్రవరిలోనే ప్రభుత్వం జాతీయ విపత్తుగా ప్రకటించింది. కరీబా జలాశయంలో నీళ్లడుగంటి గంటల తరబడి కరెంటు ఉండటం లేదు. వాళ్లమ్మగారు బొగ్గుల కుంపటి మీద వండారు. దాన్ని వాళ్లు ‘మ్బావుల’ అంటారు. మొక్కజొన్న పిండిని కప్పుతో కొలిచి, గీటు పెట్టినట్టు సమం చేసి పోయడం చూశాను. అలాంటి రోజుల్లో ఆరుగురు అతిథులం! కసానేలో కొన్న పంచదార, నూనె, సబ్బులు ఆవిడ చేతికిస్తే మొదట వద్దన్నారు. “చెల్లెలు తెచ్చిందనుకోండి” అని అమ్మాయితో చెప్పించాక తీసుకున్నారు.

ఆ పిండితో చేసేది ‘న్షిమా’. బోట్స్వానాలో, జింబాబ్వేలో, దక్షిణాఫ్రికాలో పేర్లు మారతాయి కానీ ముద్ద అదే, అచ్చం మన సంకటి. చెంబుతో నీళ్లు పోసి చేతులు కడిగించి, ముద్ద చేసి కూరలో అద్దుకుని తింటారు. మా గుంటూరు పిల్ల హాస్టల్లో ఫోర్కుతో తింటుందట, అక్కడ హాయిగా చేత్తో లాగించింది.

దాంట్లోకి చేసిన ఆకుకూర పేరు ‘ఇఫిసాషి’. మీరూ చేసి చూడండి. ఒక కప్పు పచ్చి పల్లీలు మెత్తగా పొడి కొట్టుకోవాలి. ఒక ఉల్లిపాయ, రెండు టమాటాలు తరిగి, రెండు కప్పుల నీళ్లలో పల్లీపొడితో కలిపి సన్నసెగ మీద ఉడికించాలి. అడుగంటకుండా కలుపుతూ, చిక్కబడుతుండగా తరిగిన ఆకు రెండు కట్టలు, ఉప్పు వేసి పావుగంట మగ్గనివ్వాలి. వాళ్లు లేత గుమ్మడి ఆకు వేస్తారు, మనం తోటకూర వేసుకోవచ్చు. నూనె చుక్క అక్కర్లేదు. కారం లేకపోతే ముద్ద దిగదనుకుంటే రెండు పచ్చిమిర్చి చీరి వేయండి.

ఇక విక్టోరియా జలపాతం. 1,708 మీటర్ల వెడల్పు, 108 మీటర్ల లోతు. ఊళ్లోవాళ్లు పిలిచే పేరు ‘మోసి-ఓవా-తున్యా’, ఉరిమే పొగ అని అర్థం. కరువు ఏడాది నీళ్లు తక్కువే అన్నారు. ఆ తక్కువకే చీర... క్షమించాలి, ప్యాంటూ స్వెట్టరూ తడిసి ముద్దయ్యాయి. నేను ప్యాంటు వేసుకున్న ఫొటో మావారు ఇప్పటికీ అందరికీ చూపిస్తుంటారు. ప్రవేశానికి విదేశీయులకి ఒక రేటు, అక్కడివాళ్లకి చాలా తక్కువ రేటు. జింబాబ్వే వైపు టికెట్టు ఇంకా ఎక్కువ కాబట్టి జాంబియా వైపు మాత్రమే చూశాం. కొండముచ్చుల్ని మించిన బబూన్‌లు తిరుగుతుంటాయి, తినుబండారం చేతిలో పట్టుకోకండి. మా అటుకుల పొట్లం ఒకటి అలాగే పోయింది.

తర్వాత సంచులు వీపున వేసుకుని 1905లో కట్టిన రైలు వంతెన మీద నడుచుకుంటూ జింబాబ్వేలోకి వెళ్లాం. అవతల డబ్బు తంతు చూడాలి. జింబాబ్వే 2009లో ఒకటి పక్కన పద్నాలుగు సున్నాలున్న నోటు అచ్చేసింది. వాటిని ఇప్పుడు జ్ఞాపికలుగా అమ్ముతున్నారు. 2024 ఏప్రిల్లో మళ్లీ కొత్త డబ్బు వచ్చింది కానీ మాకు అంతటా అమెరికా డాలర్లే పనికొచ్చాయి. చిల్లర లేదని మిఠాయి బిళ్లలు చేతిలో పెట్టడం మాత్రం మన కిరాణా కొట్టులాగే ఉంది. చిన్న డాలరు నోట్లు పట్టుకెళ్లడం మంచిది.

ఒక గేటు దగ్గర జరిగింది చెప్పాలి. ఏ గేటో చెప్పను, అక్కడి ఉద్యోగి రూలు ప్రకారమే మాట్లాడాడు. మా జాంబియా అమ్మాయి సెలవులొచ్చినప్పుడల్లా బస్సులో ఇంటికి పోయి వస్తుంది. ఒక్కో రాకపోకకి ఎన్నో ముద్రలు. పాస్‌పోర్టులో ఖాళీ పేజీ మిగల్లేదు. “ముద్ర వేయడానికి పేజీ కావాలి, లేకపోతే వెనక్కి వెళ్లు” అన్నాడాయన. పిల్ల ముఖం పాలిపోయింది. బయట బస్సు హారన్ మోగిస్తోంది. కండక్టరు వచ్చి, ఆ అమ్మాయిని వదిలి మిగతావాళ్లు ఎక్కండన్నాడు. మా అమ్మాయి నావైపు చూసింది. ఏడుగురి టికెట్ల డబ్బు పోతే మిగతా ప్రయాణం గడవదు, అది నాకూ తెలుసు. “సామాను దింపించండర్రా, అందరం ఉంటాం” అన్నాను.

వరసలో మా వెనకున్న వ్యాపారస్తురాలు తన పాస్‌పోర్టు తెరిచి ఆ అమ్మాయికి చూపించింది. ముద్ర మీద ముద్ర, గోరంత చోటు లేదు. పాత ముద్రల మధ్య ఎక్కడ సందుందో వెతికి, వేలు పెట్టి ఆ పేజీ తెరిచి, పెద్ద అధికారి దగ్గరికి తీసుకెళ్లమంది. తర్వాత తన మూట మీద కూర్చుంది. ఆవిణ్ణి చూసి ఇంకో ఏడెనిమిది మంది కూర్చున్నారు. ఇందరు లేకుండా బస్సు ఎలా కదులుతుంది? కండక్టరు అరిచాడు, బతిమాలాడు. వాళ్లు వేరుశనగలు ఒలుచుకుంటూ కబుర్లలో పడ్డారు. నిజం చెప్పాలంటే వాళ్లలో ఇద్దరి మూటలు ఇంకా తనిఖీ కావలసి ఉంది, అదీ కలిసొచ్చింది. నలభై నిమిషాలకి పెద్ద అధికారి వచ్చి ఒక మూల చిన్నగా ముద్ర వేసి, ఇంటికెళ్లగానే కొత్త పాస్‌పోర్టు తీసుకోమని చెప్పాడు. పిల్ల బస్సెక్కాక గాని ఏడవలేదు. ఆ వ్యాపారస్తురాలికి నా నిమ్మకాయ పచ్చడి సీసా ఇచ్చేశాను. నాలిక మీద వేసుకుని కళ్లు మూసుకుంది, కారమో ఇష్టమో తెలియలేదు.

బులవాయోలో ఒక రోజు ఉన్నాం. వీధులు ఎంత వెడల్పంటే, ఎడ్లబండ్లు మొత్తం జతలతో సహా వెనక్కి తిరగడానికి అలా వేశారని చెబుతారు. అక్కణ్ణుంచి మళ్లీ ఫ్రాన్సిస్‌టౌన్, గాబరోన్. ఇల్లు చేరగానే గుంటూరుకి ఫోన్ చేసి, “మీ అమ్మాయిని అప్పజెప్పానండీ వదినగారూ” అన్నాను. “మీరు కూడా క్షేమమేనా?” అని ఆవిడ అడిగితే నవ్వొచ్చింది. మోకాళ్ల నొప్పులు నాలుగు రోజులున్నాయి లెండి.

పిల్లలు తర్వాతి సెలవులకి నమీబియా అంటున్నారు. అక్కడ దక్షిణాఫ్రికా ర్యాండే చెల్లుతుంది కాబట్టి డబ్బు మార్చుకునే పని ఉండదట. జాంబియా అమ్మాయికి కొత్త పాస్‌పోర్టు వచ్చింది. ఈసారి నన్ను రమ్మనలేదు. ఉప్మారవ్వ మాత్రం రెండు కిలోలు వేయించి ఉంచమన్నారు.