బియ్యం డబ్బాలో కోర్టు కాగితం

ఆమె దగ్గర నాలుగు కాగితాలున్నాయి. మూడు పెద్దమనుషులు రాయించినవి. ఒకటి కోర్టు ఇచ్చింది.

మొదటి మూడింటిలోనూ దాదాపు ఒకటే రాత. 'ఇకమీదట భార్య మీద చెయ్యి చేసుకోను. తాగి ఇంటికి రాను.' కింద అతని సంతకం, పక్కన ఇద్దరు సాక్షులు. మొదటిది పెళ్లయిన రెండో ఏడు రాయించారు. రెండోది పాప పుట్టాక. మూడోది ఆమె ముంజేతికి సిమెంటు కట్టు పడ్డాక. సంతకం పెట్టిన ప్రతిసారీ ఓ నెలా నలభై రోజులు ఇల్లు ప్రశాంతంగా ఉండేది. తర్వాత మళ్లీ మామూలే. మాట తప్పావేమని అతణ్ని అడిగినవాళ్లు లేరు. 'కాపురమన్నాక తప్పదు, సర్దుకుపోవాలి తల్లీ' అని ఆమెకే చెప్పేవారు.

తొమ్మిదో ఏట పాపని తీసుకుని బయటికొచ్చేసింది. ఊరి మరో చివర చిన్న గది. బజార్లో ఓ టైలరింగ్ షాపులో పని. గండం గడిచిందనుకుంది. కానీ అతను ఎదురుగా టీకొట్టు దగ్గర బండి ఆపుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. ఏమీ అనడు. షాపు మూసేదాకా చూస్తూ ఉంటాడు. రాత్రిళ్లు ఫోన్లు. ఓ రోజు బడి గేటు దగ్గర పాప చెయ్యి పట్టుకున్నాడు. స్టేషన్‌కి వెళ్తే, 'మొగుడూ పెళ్లాల గొడవలు మా దాకా ఎందుకమ్మా, మాట్లాడుకోండి' అన్నారు.

షాపు యజమానురాలే ఆమెను జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తీసుకెళ్లింది. అక్కడ ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఆ వకీలు అడిగిన మొదటి ప్రశ్న, 'మీకేం కావాలమ్మా?'

ఇన్నేళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు. ఆమె కాసేపు ఆలోచించి, 'జైల్లో పెట్టించాలని లేదండీ. నా జోలికి, నా బిడ్డ జోలికి రాకుండా ఉంటే చాలు' అంది.

చాలామంది ఆడవాళ్ల మనసులో మాట ఇదే. కేసు పెడితే అతని ఉద్యోగం పోతుందేమో, రేపు పిల్లల పెళ్లిళ్లకు అడ్డొస్తుందేమో అన్న భయంతో నోరు మూసుకుంటారు. గృహహింస చట్టం పుట్టింది ఇలాంటివాళ్ల కోసమే. 2005లో పార్లమెంటు ఆమోదించింది. 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. జరిగినదానికి శిక్ష వేయడం కన్నా జరగబోయేదాన్ని ఆపడం దీని ఉద్దేశం. విచారించేది మేజిస్ట్రేటే అయినా, అడిగేవి సివిల్ తరహా ఉపశమనాలు. కొట్టకూడదు, దగ్గరికి రాకూడదు, ఇంట్లోంచి గెంటకూడదు, ఖర్చులకు డబ్బివ్వాలి... ఇలాంటివన్నమాట. భార్యకే కాదు, తల్లికీ, అక్కచెల్లెళ్లకీ, పెళ్లి కాకుండానే కలిసి బతికిన స్త్రీకీ ఈ హక్కుంది. విడిగా ఉంటున్నా, గతంలో ఒకే ఇంట్లో ఉంటే చాలు. తిట్లూ, అవమానాలూ, డబ్బివ్వకుండా ఏడిపించడం కూడా హింస కిందికే వస్తాయి.

స్త్రీ, శిశు సంక్షేమ శాఖ తరఫు రక్షణ అధికారి ఆమె చెప్పిందంతా రాసుకుని నివేదిక తయారుచేశారు. సిమెంటు కట్టు వేసినప్పటి ఆస్పత్రి చీటీ జతచేశారు. పెద్దమనుషుల కాగితాలు మూడూ కూడా పెట్టారు. ఎందుకూ కొరగాలేదనుకున్న ఆ కాగితాలే 'ఇలా మూడుసార్లు జరిగింది' అని అక్కడ చెప్పాయి.

చట్టం ప్రకారం దరఖాస్తు అందాక మామూలుగా మూడు రోజుల్లో మొదటి వాయిదా పడాలి. అక్కణ్నుంచి అరవై రోజుల్లో తేల్చడానికి కోర్టు ప్రయత్నించాలి. వాస్తవంలో ఆ అరవై రోజులు చాలాసార్లు నెలలవుతాయి. రక్షణ అధికారుల కొరత సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తాలూకా స్థాయిలోనూ వాళ్లను నియమించాలని 2025 మేలో రాష్ట్రాలను ఆదేశించింది. అయితే ప్రమాదం ఉందని అఫిడవిట్ వేస్తే, అవతలివాళ్లు రాకముందే మధ్యంతర ఉత్తర్వు ఇచ్చే వీలు మేజిస్ట్రేటుకు ఉంది. ఆమెకు అలాగే ఇచ్చారు. ఆమెను కొట్టకూడదు, షాపు దగ్గరికీ పాప బడి దగ్గరికీ రాకూడదు, ఫోన్ చేయకూడదు. నకలు ఉచితంగా చేతికిచ్చి, మరొకటి స్టేషన్‌కి పంపారు.

ఆ కాగితాన్ని ఆమె ప్లాస్టిక్ కవర్లో చుట్టి బియ్యం డబ్బాలో దాచింది. దాని ఫొటో ఫోన్లో పెట్టుకుంది.

పదహారో రోజు సాయంత్రం టీకొట్టు దగ్గర మళ్లీ ఆ బండి.

ఆమె కాళ్లు వణికాయి. 'ఊరికే నిలబడ్డాడు, ఏమీ అనలేదు కదా' అని మనసు సర్దిచెప్పబోయింది. తొమ్మిదేళ్ల అలవాటది. అంతలో వకీలు మాట గుర్తొచ్చింది. 'ఒక్కసారి చూసీ చూడనట్టు వదిలేస్తే, ఇది కూడా పెద్దమనుషుల కాగితమే అవుతుందమ్మా.'

ఫోన్ తీసి స్టేషన్‌కి చేసింది. ఈసారి 'మాట్లాడుకోండి' అనలేదు. ఉత్తర్వు నంబరు అడిగారు.

తేడా అక్కడే ఉంది. రక్షణ ఉత్తర్వును మీరడమే ఒక నేరం. ఏడాది దాకా జైలు, ఇరవై వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. నాన్‌బెయిలబుల్. బాధితురాలి ఒక్కరి సాక్ష్యం మీదే నేరం జరిగిందని కోర్టు నిర్ధారణకు రావచ్చు. ఆ రోజు కానిస్టేబుల్ వచ్చేసరికి అతను అక్కడే ఉన్నాడు. 'నా పెళ్లాన్ని చూసుకోడానికి ఎవడి పర్మిషన్ కావాలి?' అన్నాడు. కోర్టుది కావాలని కానిస్టేబులే చెప్పాడు. జీపెక్కించుకుని వెళ్లిపోయారు.

కాగితం కత్తినీ కర్రనీ ఆపలేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఇప్పటికీ రెండు గడియలూ వేసుకునే పడుకుంటుంది. పాపను తనే బడికి దింపుతుంది. కేసు నడుస్తోంది, వాయిదాలకు వెళ్తోంది. ఆ టీకొట్టు దగ్గర మాత్రం ఆ బండి మళ్లీ కనిపించలేదు.

మొన్న మధ్యాహ్నం షాపులో కొత్తగా చేరిన అమ్మాయి కాజాలు కుడుతూ ఉన్నట్టుండి ఆగింది. మోచేతి దాకా జాకెట్టు చేతులు లాక్కుంటూ నెమ్మదిగా అడిగింది.

'అక్కా, ఆ కాగితం ఎక్కడిస్తారు?'

ఆమె మిషను ఆపింది. స్టూలు దగ్గరికి జరుపుకుంది.

'ముందు 181కి ఫోన్ చెయ్. ఆస్పత్రి చీటీలుంటే దాచిపెట్టు. ఆదివారం నేను నీతో వస్తాను... కాదు, ఆదివారం ఆఫీసు ఉండదు. సోమవారం పొద్దున్నే వెళ్దాం.'