అరంగుళం తేడా

మా వీధిలో జాకెట్లు కుట్టే ఆవిడ మాటలు తక్కువ మనిషి. కొలతలు తీసుకుని పుస్తకంలో రాసుకోవడం తప్ప ఇంకో మాట ఎరగదు. అలాంటిది మూడేళ్ల కిందట ఒకరోజు టేపు పట్టుకుని నా వెనక నిలబడి, "అమ్మగారూ, మీ కుడి భుజం ఎడమదాని కంటే అరంగుళం దిగిందండీ. అందుకే జాకెట్టు జారుతోంది" అంది. ఇన్నాళ్లూ కుట్టు సరిగ్గా లేదని ఆవిణ్ణే ఆడిపోసుకున్నాను! తప్పు బట్టలో లేదు, మనిషిలో ఉంది.

ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే నిజమే. ఎందుకు దిగదు చెప్పండి? కూరల సంచీ కుడి చేతికే. పిండి కలిపినా, పచ్చడి రుబ్బినా, బట్టలు పిండినా కుడి చెయ్యే. ఎడమ చెయ్యి మహారాణి. ఆడవాళ్లు బరువులెత్తడమేమిటని బుగ్గలు నొక్కుకుంటారు గానీ, మనం ఎత్తని బరువేది? నిండు బండలో గ్యాసే 14.2 కిలోలు, బండ బరువు దాదాపు మరో పదిహేను. మంచినీళ్ల టిన్ను ఇరవై. బియ్యం బస్తా ఇరవై అయిదు. ఎత్తడం ఎత్తుతూనే ఉన్నాం. ఎలా ఎత్తాలో మాత్రం మనకెవరూ నేర్పలేదు.

నిజం చెప్పొద్దూ, నా భయం భుజం గురించి కాదు. మా అమ్మ చివరి నాలుగేళ్లూ కింద కూర్చుంటే తనంతట తాను లేవలేకపోయేది. పెద్ద రోగమేమీ లేదు, కాళ్లలో సత్తువ లేదంతే. ఎవరైనా వచ్చి చెయ్యి అందించేదాకా అలాగే కూర్చుని, "ఏం లేదే, ఊరికే కూర్చున్నా" అని నవ్వేది. ఆ నవ్వు నాకు మరుపు రాదు.

వయసు మళ్లుతున్న కొద్దీ కండ తరుగుతుందనీ, నెలసరి ఆగాక ఎముక కూడా పల్చబడుతుందనీ, బరువు పడితేనే ఆ రెండూ నిలుస్తాయనీ మా అమ్మాయి చెప్పింది. వారానికి కనీసం రెండు రోజులైనా కండకు బలమిచ్చే వ్యాయామం చెయ్యమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిందిట. చెప్పి ఊరుకోకుండా నన్ను జిమ్ములో చేర్పించింది. నాకప్పటికి యాభై నాలుగు.

మా వారు పేపరు దించి, "కరణం మల్లీశ్వరివి అవుదామనా?" అన్నారు. ఆయన వెక్కిరింపుగానే అన్నారు గానీ, నాకా పేరు మంత్రంలా పనిచేసింది. ఆడవాళ్ల వెయిట్ లిఫ్టింగుకి ఒలింపిక్సులో మొదటిసారి చోటిచ్చింది 2000లో, సిడ్నీలో. ఆ ఏడే మన శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం పట్టుకొచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ స్త్రీ ఆవిడే. నాకు 240 అక్కర్లేదు. నన్ను నేను లేపుకుంటే చాలు.

నేర్పే అమ్మాయికి పాతికేళ్లుంటాయి. వెళ్లగానే ఇనుము ఎత్తిస్తుందనుకుంటే, ప్లాస్టిక్ గొట్టం ఒకటి చేతికిచ్చింది. "పోటీల్లో ఆడవాళ్ల కడ్డీ ఉత్తదే 15 కిలోలు ఆంటీ. ముందు దీంతో వంగడం నేర్చుకోండి" అంది. వంగడం నాకు రాదా! ముప్ఫై ఏళ్లుగా ఇల్లు ఊడుస్తున్నదాన్ని. తీరా వంగితే, "అదిగో, వీపు విల్లులా వంచేశారు" అంది.

రెండు చేతుల్లోనూ కాఫీ గ్లాసులున్నప్పుడు వెనకనున్న తలుపును తుంటితో ఎలా నెడతాం? అలా వంగాలిట. మడత తుంటి దగ్గర పడాలి, వెన్ను తిన్నగా ఉండాలి. బరువు ఒంటికి ఆనుకుని ఉండాలి. దూరం పెట్టినకొద్దీ భారం నడుము మీద పడుతుంది. బిందెను ఒంటికి హత్తుకుని ఎత్తే మా అమ్మమ్మకి ఈ సంగతి ఎవరూ చెప్పకుండానే తెలుసు. ఇక గుంజీళ్లు. వినాయకుడి ముందు తీసినవే గదా అనుకుంటే, అందులోనూ తప్పులే. మోకాళ్లు లోపలికి ముడుచుకోకూడదు, కాలివేళ్ల వైపే సాగాలి. మడమలు నేలను వదలకూడదు. లేచేటప్పుడు ఊపిరి బిగబట్టకుండా వదలాలి.

అన్నిటికంటే నాకు నచ్చింది లెక్క. తోసినన్నిసార్లు లాగాలి. ఛాతీకి ఎంత పని చెబితే వీపుకీ అంత చెప్పాలి. తొడల ముందు భాగానికెంతో వెనక భాగానికీ అంతే. చేతుల దగ్గరికొస్తే ముందు ఎడమ చెయ్యి. అది ఎనిమిదిసార్లు ఎత్తి ఇక చాలంటే, కుడి చెయ్యి పన్నెండు ఎత్తగలిగినా ఎనిమిది దగ్గరే ఆగాలి. "బలమున్నది బలం లేనిదాని కోసం ఆగాలి ఆంటీ" అంది.

బుద్ధిగా ఆగితే నేనెందుకవుతాను? మూడో నెలలో, పక్కనున్న పిల్ల నలభై కిలోలు అవలీలగా ఎత్తుతుంటే నాకు పౌరుషం వచ్చింది. నేర్పే అమ్మాయి అటు తిరగ్గానే అయిదేసి కిలోల బిళ్లలు రెండు అదనంగా తగిలించాను. ఎత్తాను కూడా, వీపు విల్లు చేసి. నడుములో కలుక్కుమంది. పది రోజులు మంచం.

ఆ పది రోజులూ మా వారే వంటింట్లోకి వెళ్లారు. మధ్యలో గ్యాసు అయిపోయింది. బండ మార్చి, చెమటలు తుడుచుకుంటూ వచ్చి, "ఇది ఇంత బరువుంటుందా?" అన్నారు. ముప్ఫై ఏళ్ల కాపురంలో నాకు దక్కిన బిరుదు అదొక్కటే! దిగింది నా భుజం ఒక్కటేనా, ఈ ఇంటి బరువు కూడా ఒక పక్కకే ఒరిగి ఉందని ఆరోజు తెలిసింది. ఇప్పుడు బండ ఆయనే మారుస్తారు. "వీపు విల్లులా వంచకండి" అని పక్కన నిలబడి చెప్పే ఉద్యోగం నాది.

నడుము తగ్గాక సిగ్గుపడుతూ వెళ్లి, మళ్లీ ప్లాస్టిక్ గొట్టంతోనే మొదలుపెట్టాను.

మొన్న కార్తీక మాసంలో ఎదురింట్లో సత్యనారాయణ వ్రతం. రెండు గంటలు చాప మీద కూర్చున్నాం. హారతి వేళకి పక్కావిడ చెయ్యి అందించబోయింది. మడమలు నేలకి ఆనించి, ఊపిరి వదిలి, చెయ్యి ఎక్కడా ఆన్చకుండా లేచాను. హారతి కళ్లకద్దుకుంటుంటే దేవుడి కంటే ముందు మా అమ్మ కనిపించింది.

పోయిన వారం జాకెట్టుకి కొలతలిస్తూ, ఉండబట్టలేక, "భుజం ఎలా ఉందమ్మా?" అని అడిగాను. ఆవిడ రెండుసార్లు టేపు పెట్టి చూసి, "ఇంకా పావంగుళం ఉందండీ" అంది.

ఉండనీండి. ఎడమ చెయ్యి ఇప్పుడు పదిదాకా వచ్చింది.