ఒకే కుండలో అన్నం

ఒళ్ళు తగ్గాలని డాక్టరు దగ్గరికి వచ్చేవాళ్ళు ముందుగా అనే మాట, "నేను పెద్దగా ఏమీ తిననండీ." వెంట వచ్చినవాళ్ళు ఆ మాటకు నవ్వుతారు. డాక్టర్లు పైకి నవ్వరు గానీ చాలామంది లోపల నమ్మరు. నమ్మకపోవడానికి కొంత కారణమూ ఉంది. ఏం తిన్నారో చెప్పమంటే తక్కువ చేసి చెప్పడం మనిషికి మామూలే. 1992లో అమెరికాలో కొందరిని పరీక్షించి చూస్తే, తిన్నదాంట్లో దాదాపు సగమే చెప్పినట్టు తేలింది. కాకపోతే సన్నగా ఉన్నవాళ్ళను ఆ ప్రశ్న ఎవరూ అడగరు. వాళ్ళ లెక్కలో తప్పులు బయటపడవు.

పెదపారుపూడి చుట్టుపక్కల, తోడికోడళ్ళు ఒకే పొయ్యి మీద వండుకునే ఇళ్ళు ఇంకా కొన్ని మిగిలాయి. వానపాముల ఊరి వైపు నుంచి అలాంటి ఇంటి అత్తగారు ఇద్దరు కోడళ్ళనూ వెంటబెట్టుకొచ్చింది. జ్వరం పెద్దకోడలికి, ఫిర్యాదు చిన్నకోడలి మీద. "ఒకే కుండలో అన్నమండీ ఇద్దరూ తినేది. పెద్దదాన్ని చూడండి, ముగ్గురు పిల్లల తల్లి, ఎలా ఉందో. ఇదేమో ఏడాదేడాదికీ పెరిగిపోతోంది. చాటుగా ఏదో తింటోంది డాక్టరు గారూ, మీరైనా గట్టిగా చెప్పండి."

చిన్నకోడలి బరువు 86 కిలోలు. థైరాయిడ్ పరీక్ష అప్పటికే రెండుసార్లు చేయించారు, బాగానే ఉంది. "మీ అమ్మగారు ఎలా ఉంటారమ్మా?" అనడిగాను. "నాలాగేనండీ. మా అమ్మమ్మా అంతే," అంది. అత్తగారు ఆ మాట వినిపించుకోనట్టే ఉండిపోయింది.

తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను తెచ్చుకోమన్నారు మన పెద్దలు. బర్రె దగ్గర ఆ సూత్రాన్ని ఈ ప్రాంతంలో ఎవరూ కాదనరు. ముర్రా గేదెకు నాటు గేదె మేత వేసినంత మాత్రాన అది నాటు గేదె అయిపోదని పశువుల కొట్టంలో పెరిగిన ప్రతివాడికీ తెలుసు. మనిషి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒంటితీరును పక్కనబెట్టి నోటిని తిడతాం.

తోడికోడళ్ళకు తిండి ఒకటే, రక్తం వేరు. ఈ లెక్కను తిరగేసి చూస్తే ఏమవుతుందో డెన్మార్క్‌లో చూశారు. పసితనంలోనే దత్తత వెళ్ళి పెద్దవాళ్ళైన 540 మందిని తీసుకుని, వాళ్ళ ఒళ్ళు పెంచినవాళ్ళకు దగ్గరగా ఉందా, కన్నవాళ్ళకు దగ్గరగా ఉందా అని ఆల్బర్ట్ స్టంకార్డ్ బృందం లెక్కగట్టింది. 1986లో ఫలితం వచ్చింది. కన్నవాళ్ళతో పోలిక స్పష్టంగా ఉంది. పెంచినవాళ్ళతో ఏ సంబంధమూ కనబడలేదు. మన కృష్ణా డెల్టాలోనూ దత్తతలకు కొదవలేదు గానీ, ఇక్కడ పొలం బయటికి పోకుండా అక్క కొడుకునో తమ్ముడి కూతురినో పెంచుకుంటారు. పెంచిన చెయ్యీ కన్న రక్తమూ ఒకే ఇంటివైపోతాయి. ఆ పరిశోధన మనూళ్ళో చేస్తే ఏదీ తేలేది కాదు.

తర్వాత 1990లో, వేర్వేరు ఇళ్ళలో పెరిగిన కవల పిల్లల మీద స్వీడన్ లెక్కలు వచ్చాయి. మనిషికీ మనిషికీ మధ్య ఒంటి బరువులో కనిపించే తేడాలో నూటికి 70 పాళ్ళు వంశం నుంచి వచ్చిందేనని ఆ లెక్క. ఈ అంకెను చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. 86 కిలోల్లో అరవై కిలోలు అమ్మమ్మవి, మిగతావి ఆవకాయన్నానివి అని కాదు దానర్థం. ఒకే ఊళ్ళో, ఒకే రకం తిండి దొరికే చోట, ఈమె ఇలా ఆమె అలా ఎందుకున్నారన్న ప్రశ్నకు మాత్రమే అది జవాబు. ఊరంతా కలిసి ఎందుకు లావెక్కుతోందన్నది వేరే ప్రశ్న. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

నాకు వీటన్నిటికంటే ఇష్టమైన పరిశోధన కెనడాలో క్లాడ్ బూషార్ చేసింది. పన్నెండు జతల కవల యువకులకు వారానికి ఆరు రోజుల చొప్పున, మామూలు తిండికి పైన రోజుకు వెయ్యి కేలరీలు ఎక్కువ పెట్టాడు. వంద రోజులు అలా గడిచాయి. అందరూ సమానంగా ఎక్కువ తిన్నారు. ఒకడు 4 కిలోలు పెరిగితే ఇంకొకడు 13 కిలోలు పెరిగాడు. ఒక జతలో అన్న ఎంత పెరిగాడో తమ్ముడూ ఇంచుమించు అంతే పెరిగాడు. కొవ్వు పొట్టకు చేరుతుందా తొడలకు చేరుతుందా అన్న దాంట్లో కూడా అన్నదమ్ములది ఒకటే తీరు. ఆ అత్తగారికి ఇదంతా వీలైనంత తేలిక మాటల్లో చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే మా పెద్దది ఇంకో ముద్ద తిన్నా పర్లేదంటారా?" అంది. నేను చెప్పాలనుకున్న విషయంలో సగం ఆవిడకు చేరినట్టే.

జన్యువులు ఒళ్ళు పెంచేది ఎలాగంటే, ఎక్కువ భాగం ఆకలి ద్వారానే. దీనికి మన తెలుగు నేల మీదే ఒక సాక్ష్యం పుట్టింది. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చిన సంస్థ అది. దశాబ్దాలుగా వాళ్ళు పెంచుకుంటున్న ఎలుకల గుంపులో ఒక ఎలుక తనంతట తాను బండగా తయారైంది. ఎవరూ దానికి ప్రత్యేకంగా తిండి పెట్టలేదు, పక్క బోనుల్లో ఎలుకలు తినే తిండే. ఎన్.వి. గిరిధరన్ అనే శాస్త్రవేత్త దాన్ని వదిలెయ్యకుండా దాని సంతతిని పెంచి, 1996లో ప్రపంచానికి పరిచయం చేశారు. ఆ సంతతిలో మూడు రకాలు పుడతాయి. మార్పు చెందిన జన్యువు రెండు వైపుల నుంచీ వచ్చినవి బాగా లావు, ఒక వైపు నుంచే వచ్చినవి మధ్యరకం, అసలు రానివి సన్నం. లావు ఎలుక మెదడుకు లెప్టిన్ మాట వినపడదు. లెప్టిన్ అంటే కొవ్వు కణాలు "మా దగ్గర నిల్వ చాలు" అని మెదడుకు పంపే కబురు. ఈ హార్మోన్‌ను అమెరికాలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ 1994లో కనుక్కున్నాడు. కబురు అందని మెదడు, ఎంత కొవ్వు ఉన్నా కరువులో ఉన్నట్టే తినమంటుంది. బోనులో ఉన్న ఎలుకను సోమరి అనీ నోటి మీద అదుపు లేనిదనీ తిట్టేవాళ్ళెవరూ నాకు ఇంతవరకు తగల్లేదు.

మనుషుల్లో అలా ఒకే ఒక్క జన్యువు తేడా వల్ల లావెక్కేవాళ్ళు చాలా అరుదు. అసలే లెప్టిన్ తయారుకాని ఇద్దరు పిల్లలను ఇంగ్లండ్‌లో 1997లో గుర్తించారు. పాకిస్తాన్ నుంచి వెళ్ళిన కుటుంబం, దగ్గర చుట్టాల మధ్య పెళ్ళిళ్ళు. ఎనిమిదేళ్ళ పాపకు 86 కిలోల బరువు. తర్వాత లెప్టిన్ ఇంజెక్షన్లు ఇస్తే తిండి కోసం ఏడుపు ఆగింది, ఒళ్ళు తగ్గింది. మేనరికాలు మనకు కొత్త కాదు కాబట్టి ఈ సంగతి మేం గుర్తుంచుకోవాలి. దివిసీమ నుంచి ఒక మూడేళ్ళ పిల్లవాణ్ణి తీసుకొచ్చారు, తల్లిదండ్రులది మేనమామ సంబంధం. అర్ధరాత్రి లేచి వంటింట్లో గిన్నెలు వెతుకుతాడట. జన్యు పరీక్షకు హైదరాబాద్ పంపాను. రిపోర్టులో ఆ జన్యువులన్నీ బాగానే ఉన్నాయని వచ్చింది. వాడికి ఎందుకు అంత ఆకలో ఇప్పటికీ నా దగ్గర సరైన జవాబు లేదు. పెద్దవుతున్నాడు, ఏడాదికోసారి వస్తుంటాడు.

మిగిలిన మనందరి ఒళ్ళూ ఎన్నో జన్యువుల చిన్న చిన్న తేడాల మొత్తం. 2007లో ఎఫ్‌టీఓ జన్యువు సంగతి బయటపడినప్పుడు లావు జన్యువు దొరికిందని పత్రికలు రాశాయి. అందులో బరువు పెంచే రకం తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చినవాళ్ళు, రానివాళ్ళకంటే సగటున 3 కిలోలు బరువు. అంతే. 2018 నాటికి ఒంటి బరువుతో సంబంధమున్న చోట్లు తొమ్మిది వందలు దాటాయి. అందుకే, ఉమ్ము పంపించి "మీకు తగిన డైట్" తెప్పించుకునే పరీక్షల కాగితాలు ఎవరైనా తెస్తే మర్యాదగా చదివి తిరిగి ఇచ్చేస్తాను. ఆ డబ్బుతో మంచి చెప్పులు కొనుక్కుని నడవొచ్చు.

ఇక డైట్ల సంగతి. 2018 ప్రాంతంలో మా వైపు కొబ్బరినూనె డైట్ ఊపేసింది. గుడివాడలో బ్యాంకు ఉద్యోగి ఒకాయన అన్నం మానేసి నూనె, నిమ్మకాయలు, మాంసం మీద ఐదు నెలలున్నాడు. 102 కిలోల మనిషి 81కి వచ్చాడు. షుగరు బిళ్ళలు మానేశాడు, నాకు నాలుగు మంచిమాటలు కూడా చెప్పి వెళ్ళాడు. రెండేళ్ళకు 106తో తిరిగొచ్చాడు. కుర్చీలో కూర్చోకముందే, "తప్పు నాదేనండీ, నోరు కట్టుకోలేకపోయాను" అన్నాడు. ఇరవై కిలోలు తగ్గడానికి ఉన్న మనోబలం ఆ తర్వాత ఎక్కడికి పోయిందని ఎవరూ ఆయన్ను అడగలేదు. ఆయనా తనను తాను అడుక్కోలేదు.

ఆ బలం ఎక్కడికీ పోలేదు, ఒళ్ళే ఎదురు తిరిగింది. ప్రకాశం బ్యారేజీ నుంచి నీళ్ళు తక్కువ వదిలిన ఏడాది ఇరిగేషన్ వాళ్ళు వంతులు పెట్టినట్టు, తిండి తగ్గగానే ఒళ్ళు ఖర్చుకు వంతులు పెడుతుంది. అమెరికా టీవీలో 'ది బిగ్గెస్ట్ లూజర్' అనే బరువు తగ్గే పోటీ వచ్చేది. అందులో పాల్గొన్న 14 మందిని కెవిన్ హాల్ బృందం ఆరేళ్ళ తర్వాత పరీక్షించింది. తగ్గిన బరువు చాలావరకు తిరిగొచ్చింది. కదలకుండా కూర్చున్నప్పుడు ఒళ్ళు ఖర్చుపెట్టే శక్తి మాత్రం, వాళ్ళ ఒంటికి ఉండాల్సినదానికంటే రోజుకు 500 కేలరీలు తక్కువగానే ఉండిపోయింది. ఆస్ట్రేలియాలో 2011లో ఇంకో సంగతి తేలింది. డైట్ చేసి బరువు తగ్గినవాళ్ళలో ఏడాది గడిచినా ఆకలి పెంచే హార్మోన్లు ఎక్కువగానే, కడుపు నిండిందని చెప్పేవి తక్కువగానే ఉన్నాయి. అంటే ఆ బ్యాంకు ఉద్యోగి 81 కిలోల దగ్గర నిలబడాలంటే, ఎప్పుడూ 81 కిలోలే ఉన్న పక్కసీటు ఆయన కంటే తక్కువ తినాలి, ఎక్కువ ఆకలి భరించాలి, అదీ ఏళ్ళ తరబడి. కొందరు నెగ్గుతారు. వాళ్ళను చూస్తే నాకు గౌరవమే. కానీ వాళ్ళను చూపించి మిగతావాళ్ళను తిట్టడం న్యాయం కాదు.

అలాగని అంతా వంశం మీదకు తోసెయ్యలేం. మన జన్యువులు ఈ నలభై ఏళ్ళలో మారలేదు, డెల్టా మారింది. ట్రాక్టర్లు, కోత మిషన్లు వచ్చాయి. కాలవ గట్టున నడిచి బడికి వెళ్ళినవాళ్ళ మనవలు సందు చివరికి కూడా బండి తీస్తారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్ళలో నూటికి 36 మంది అధిక బరువున్నవాళ్ళే. కరువులకు తట్టుకున్నవాళ్ళ జన్యువులే మిగిలాయనీ, ఇప్పుడు తిండి దొరికేసరికి అవే షుగరునూ ఒళ్ళునూ పెంచుతున్నాయనీ 1962లో జేమ్స్ నీల్ ఒక వాదం తెచ్చాడు. 1832-33 నందన కరువు, ఆ తర్వాత 1855కి పూర్తయిన కృష్ణా ఆనకట్ట, దాని కింద పచ్చబడ్డ మా ఊళ్ళు గుర్తొస్తే ఆ కథ మన కోసమే రాసినట్టుంటుంది. అందుకే నాకు దాని మీద అనుమానం. అంత అందంగా కుదిరిన కథకు రుజువులు అంత బలంగా దొరకలేదు.

సన్నగా ఉన్నవాళ్ళకూ ఒక మాట. యలమర్రు నుంచి వచ్చే రైతు ఒకాయన 56 కిలోలు, షుగరు మూడు వందల పైన. "నాకెందుకు వస్తుందండీ, నా ఒంట్లో కండే లేదు" అంటాడు. ఉన్న కొవ్వంతా పొట్టలో ఉంది. పుణెలో డాక్టర్ యాజ్ఞిక్ చూపించింది ఇదే. మన పిల్లలు పుట్టుకతోనే బరువు తక్కువ, అయినా కొవ్వు శాతం ఎక్కువ. అందుకే మగవాళ్ళకు 90, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు నడుము దాటితే నేను కాటా ఎంత చూపించినా పట్టించుకోను.

చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం షుగరు అంచున ఉన్నవాళ్ళతో మూడేళ్ళు నడకా తిండి మార్పులూ చేయించి 2006లో ఫలితం చెప్పింది. షుగరు జబ్బు రావడం 28.5 శాతం తగ్గింది. బరువు మాత్రం చెప్పుకోదగినంత తగ్గలేదు. ఈ సంగతి నేను ప్రతి మనిషికీ చెబుతాను. ముందు ఎవరూ సంతోషించరు. కాటా ముల్లు కదలని మేలు మేలుగా అనిపించదు వాళ్ళకు. నేను అడిగేది నూటికి ఐదు కిలోలు, రాత్రి అన్నం సగం, రోజూ నడక. అంతకుమించి తగ్గితే అది కానుక, తగ్గకపోతే నేరం కాదు.

2025లో మన దేశంలోకి మౌంజారో, వెగోవీ అనే ఒళ్ళు తగ్గించే ఇంజెక్షన్లు వచ్చాక ఈ కబుర్లన్నీ మారిపోయాయి. పామర్రు టీచరుగారు ఒకావిడ మొదటి నెల తర్వాత వచ్చి, "అన్నం పళ్ళెంలో ఉందని కూడా గుర్తుండటం లేదండీ. మీరంతా జీవితమంతా ఇలాగే ఉంటారా?" అనడిగింది. నేను పుట్టు సన్నం. అవునన్నాను. మాకు ఊరికే వచ్చినదాన్ని ఆవిడ వారం వారం సూదితో కొనుక్కుంటోంది. నాలుగో నెలలో డబ్బు చాలక మానేసింది, ఆకలి తిరిగొచ్చింది. ఆపేసినవాళ్ళలో తగ్గిన బరువులో మూడింట రెండొంతులు ఏడాదిలో తిరిగొస్తుందని పరీక్షల్లో తేలిందే. బీపీ బిళ్ళ మానేస్తే బీపీ పెరిగిందని ఎవరినీ తప్పుపట్టం కదా అంటే, "బీపీ బిళ్ళ వందకొస్తుందండీ" అంది. వెగోవీలో ఉండే మందు సెమాగ్లుటైడ్. దాని పేటెంటు గడువు మన దేశంలో అప్పటికి 2026 మార్చి వరకు ఉంది. ధర దిగితే మళ్ళీ మొదలుపెడతానంది, అప్పటిదాకా నడుము చుట్టుకొలత పెరగకుండా చూసుకుందామని ఇద్దరం ఒప్పుకున్నాం.