‘సారీ’ – ఒక మాట, ఒక గుణపాఠం

ఆంగ్లం అంతగా రానివారు సైతం అలవోకగా పలికే ఆంగ్ల పదం ‘సారీ’. బస్సులో కాలు తొక్కినవారు ‘సారీ’ అంటారు. తరగతికి ఆలస్యంగా వచ్చిన విద్యార్థి ‘సారీ సార్’ అని లోనికి అడుగు పెడతాడు. మాట సరిగా వినపడనప్పుడు కాస్త సాగదీసి ‘సారీ?’ అంటే ‘మళ్లీ చెప్పండి’ అని అర్థం. ఆంగ్లేయులు మరణవార్త విన్నప్పుడు కూడా ఈ మాటే అంటారు. అక్కడ అది అపరాధ అంగీకారం కాదు, దుఃఖంలో పాలుపంచుకోవడం.

ఈ పదానికి మూలం ప్రాచీనాంగ్లంలోని ‘సారిగ్’. దానికి ఆధారం ‘సార్’. మనం గురువును పిలిచే ‘సార్’ కాదు సుమా! ఆ మాటకు నొప్పి అని అర్థం. పుండును, నొప్పిని తెలిపే నేటి ‘సోర్’ దాని రూపాంతరమే. విషాదాన్ని తెలిపే ‘సారో’ అనే పదంతో దీనికి పుట్టుకతో బంధుత్వం లేదు. రూపంలోను, అర్థంలోను గల పోలిక వల్ల ఆ రెండూ కాలక్రమాన దగ్గరయ్యాయి. కనుక ‘సారీ’ అన్నవాడు నిజానికి ‘నా మనసు నొచ్చింది’ అంటున్నాడన్నమాట.

మన మాటల తీరు వేరు. సంస్కృతంలో ‘క్షమ’ అంటే ఓర్పు. సర్వమూ భరించే భూమికీ అదే పేరు. ఉర్దూలోని ‘మాఫ్’కు మూలమైన అరబ్బీ ధాతువులో చెరిపివేయడం అనే భావం ఉంది. రుణమాఫీలోని మాఫీ అదే. తెలుగులో ‘మన్నించు’ అంటే గౌరవించడం, క్షమించడం కూడా. ఈ మూడు మాటలూ ఎదుటివానిని ఏదో ఒకటి అర్థిస్తాయి. ‘సారీ’ మాత్రం మన సంగతి మనం చెప్పుకొని ఊరుకుంటుంది. అందుకే కాబోలు, అది నోటికి అంత సులువు!

ఈ భేదం నాకు నిఘంటువు నేర్పలేదు. కొన్నేళ్ల క్రితం ఒక పరీక్షలో ఇద్దరి సమాధానాలు ఒక్కలా ఉంటే, వెనుక వరుస కుర్రవాడే చూసి రాశాడని తరగతి అందరి ముందూ మందలించాను. తప్పు అతనిది కాదని మరునాడు తెలిసింది. వరండాలో ఎదురైనప్పుడు నడుస్తూనే ‘సారీ’ అన్నాను. ‘ఫరవాలేదు సార్’ అని తల వంచుకొని వెళ్లిపోయాడు. అంతకు మునుపు ప్రతి పాఠంలోను ఏదో ఒక సందేహం అడిగే పిల్లవాడు ఆపై నోరు విప్పలేదు.

పదిమందిలో చేసిన అవమానానికి ఏకాంతంలో పలికిన రెండక్షరాలు చాలవని గ్రహించడానికి నాకు రెండు వారాలు పట్టింది. ఒకనాడు పాఠం ఆరంభించకముందే అతని పేరు పిలిచి, “నాయనా, ఆనాడు నీ మీద అన్యాయంగా నింద మోపాను. నన్ను మన్నించు” అన్నాను. ఆ మాట అనడానికి నా గొంతు ఎంత పెనుగులాడిందో నాకే తెలుసు. అతడు లేచి నిలబడ్డాడు, ఏమీ అనలేదు. మరునాడు మాత్రం ఒక సంధి గురించి సందేహం అడిగాడు.

విద్యార్థి మిత్రులారా! ‘సారీ’ని విడనాడమని నేననను, అది మంచి మాటే. కాని పలికేటప్పుడు అందులో కాస్తయినా నొప్పి ఉన్నదో లేదో చూసుకోండి. దాని పుట్టుక అక్కడే కదా!