నల్లగుడ్డుకు చిల్లు పడితే...

కంటినొప్పి ఉన్నట్టుండి తగ్గిపోవడం ఎప్పుడూ మంచికే అనుకోకండి. నొప్పి పోతే జబ్బు పోయినట్టే కదా అని మీరు అడగవచ్చు. కాని కంట్లో పుండు పడి నాలుగైదు రోజులుగా బాధపడుతున్న మనిషికి, ఒక రాత్రి గోరువెచ్చని నీరు బొటబొటా కారి, ఆ వెంటనే ప్రాణం హాయిగా ఉన్నదంటే, నల్లగుడ్డుకు చిల్లు పడిందేమోనని అనుమానించాలి. ఈ సంగతి ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండటం అవసరం.

మనం నల్లగుడ్డు అనేది నిజానికి నల్లగా ఉండదు. గడియారం ముళ్లమీద అద్దం బిగించినట్టు కంటి ముందు భాగాన పారదర్శకమైన పొర ఒకటి ఉంటుంది. దాని పేరు కార్నియా. వెనకనున్న ఐరిస్ అనే తెర రంగే మనకు నలుపుగా కనబడుతుంది. కార్నియా మందం మధ్యలో సుమారు అర మిల్లీమీటరు. దానిలో రక్తనాళాలు లేవు గాని నరాలు మాత్రం దండిగా ఉన్నాయి. అందుకే చిన్న గీత పడినా అంత బాధ. ఈ పొర వెనక నీటివంటి ద్రవం కొంత ఒత్తిడితో నిండి ఉంటుంది. పుండు తొలుచుకుంటూ పోయి చిల్లు పడితే ఆ నీరు బయటికి వచ్చేస్తుంది. ఒత్తిడి పడిపోతుంది, నొప్పి తగ్గుతుంది. ఐరిస్ వచ్చి ఆ చిల్లులో ఇరుక్కుంటుంది. అప్పుడు నల్లగుడ్డు మీద ఈగ తలకాయంత నల్లపూస కనిపించవచ్చు. కనుపాప గుండ్రంగా ఉండక ఒక పక్కకు లాగినట్టవుతుంది.

ప్రభుత్వోద్యోగంలో మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడుచోట్లా పనిచేశాను. ఊరినిబట్టి కంటికి తగిలే దెబ్బ మారుతుంది. మదనపల్లె చుట్టుపక్కల టమోటా తోటల్లో మొక్కలకు ఊతంగా పాతిన కట్టె కొస, కాయలు కోయడానికి వంగినప్పుడు కంట్లో గుచ్చుకుంటుంది. పుంగనూరు ఆవు పొట్టిదే గాని దాని తోక నేలను తాకేంత పొడుగు. పాలు పితికేటప్పుడు పేడ అంటిన తోక విసురుగా కంటికి తగలడం సామాన్యమే. కుప్పం వైపు గ్రానైటు రాయి కొట్టేచోట రవ్వ ఎగిరిపడుతుంది. రాతిరవ్వ, ఇనుపముక్క ఒక్కోసారి నేరుగానే చిల్లు పొడుస్తాయి. కట్టె, ఆకు, తోక తగిలితే ముందు గీత పడుతుంది. ఆ గీతగుండా బాక్టీరియా గాని, బూజు జాతికి చెందిన ఫంగస్ గాని లోపలికి చేరి పుండు చేస్తాయి. పొరుగు రాష్ట్రంలోని మదురై జిల్లాలో ఏడాదికి లక్షమందిలో 113 మందికి ఇలాంటి పుండు వస్తున్నదని 1996లో వెలువడిన ఒక పరిశీలన చెప్పింది.

దెబ్బ తగలకుండానే చిల్లు పడే సందర్భాలూ ఉన్నాయి. విటమిన్ ఏ లోపించిన పసిపిల్లలకు, అందులోనూ తట్టు పోసినప్పుడు, కార్నియా మెత్తబడి కరిగిపోవచ్చు. ముఖపక్షవాతంతో రెప్ప మూతపడనివారు, తీవ్రమైన కీళ్లవాతంతో కళ్లు ఎండిపోయేవారు కూడా జాగ్రత్తగా ఉండాలి.

పుంగనూరులో ఒకావిడ భర్తను వెంటబెట్టుకొచ్చింది. చెరకు ఆకు గీసుకుని వారమైంది. చనుబాలు పోశారు, ఆకుపసరు పిండారు, ఆపైన మందుల షాపులో ఇచ్చిన చుక్కలు వేశారు. "రాత్రంతా అల్లాడిపోయినాడు సార్. తెల్లారేసరికి నీళ్లు కారి నొప్పి తగ్గింది. ఇంక తిరుపతికి పోయేదెందుకని రెండు దినాలు నిలిచిపోయినాము" అన్నది. ఆ చుక్కలు స్టిరాయిడువి. ఎరుపు తగ్గించి మురిపిస్తాయి గాని ఫంగస్‌కు అవి ఎరువు వేసినట్టే. పెద్దాసుపత్రిలో అతని కంటిగుడ్డు నిలబెట్టారు. చూపు మాత్రం ఎదుటివారి చేతివేళ్లు లెక్కపెట్టేంతే మిగిలింది.

కాబట్టి గీత పడిన మొదటి రోజే విలువైనది. నేపాల్‌లోని భక్తపూర్‌లో గ్రామ ఆరోగ్య కార్యకర్తలు, కన్ను గీసుకుపోయినవారికి క్లోరాంఫెనికాల్ ఆయింట్‌మెంటు రోజుకు మూడుసార్లు చొప్పున మూడు రోజులు వేశారు. దెబ్బ తగిలిన 18 గంటల్లోపు వైద్యం మొదలైనవారిలో ఒక్కరికీ పుండు పడలేదని 2001లో ప్రకటించారు. కన్ను గీసుకుంటే నలపకుండా, నాలుకతో నలుసు తీయించకుండా, ఆరోజే దగ్గరి ఆరోగ్యకేంద్రానికి వెళ్లండి. కంట్లో సున్నం పడితే మాత్రం ఎవరికోసమూ ఆగవద్దు. వెంటనే అరగంటసేపు ధారాళంగా నీళ్లతో కడిగి అప్పుడు బయలుదేరండి.

పుండు ఏర్పడితే దాన్ని కొంచెం గీకి సూక్ష్మదర్శినిలో పరీక్షిస్తారు. ఫంగస్ అయితే నాటమైసిన్ వంటి చుక్కలు, బాక్టీరియా అయితే యాంటీబయాటిక్ చుక్కలు, తొలిరోజుల్లో గంటగంటకూ వేయాలి. మానడానికి వారాలు పట్టవచ్చు. మధ్యలో మానేయకూడదు.

చిల్లు పడిందన్న అనుమానం రాగానే చేయవలసినవి ఇవి: కన్ను నొక్కకండి, కడగకండి, చుక్కలుగాని ఆయింట్‌మెంటుగాని వేయకండి. దూది అదిమి కట్టవద్దు. శుభ్రమైన కాగితపు టీకప్పు అడుగుభాగాన్ని కత్తిరించి, కంటి చుట్టూ ఎముక మీద ఆనేటట్టు ఉంచి ప్లాస్టరు అంటించండి. గుచ్చుకున్న వస్తువు కనబడినా లాగవద్దు. ఆపరేషన్ అవసరం కావచ్చు కనుక దారిలో ఏమీ తినిపించకండి. అదేరోజు తిరుపతికో, వేలూరుకో, బెంగళూరుకో చేరండి.

రెండు మిల్లీమీటర్ల లోపు చిల్లయితే సైనోఅక్రిలేట్ అనే వైద్యపు జిగురుతో మూసి, పైన మెత్తని కాంటాక్టు లెన్సు పెడతారు. దుకాణాల్లో దొరికే జిగురు ఆ జాతిదే అయినా దాన్ని కంటి దగ్గరికి రానీయకండి. కొన్నిటికి ఉమ్మనీటి సంచి పొర కప్పుతారు. పెద్ద చిల్లుకు దాత కార్నియా కుట్టవలసిందే. ఈ శస్త్రచికిత్సను మొదటిసారి మనిషికి విజయవంతంగా చేసినవాడు ఎడ్వర్డ్ జిర్మ్, 1905 డిసెంబరు 7న, ఓలోమౌట్స్ పట్టణంలో. ఆ రోగి కూడా కంట్లో సున్నం పడిన కూలీయే.

ఆ కార్నియా ఎక్కడినుంచో రాదు, మన ఇళ్లనుంచే రావాలి. మరణించిన ఆరు గంటల్లోపు నేత్రనిధికి కబురు చేరాలి. కళ్లజోడు వాడినవారూ, శుక్లాల ఆపరేషన్ అయినవారూ ఇవ్వవచ్చు. ఈ మాట ఇంట్లో ముందే అనుకుని ఉంచండి, ఆ సమయంలో ఆలోచించే ఓపిక ఎవరికీ ఉండదు.