తొమ్మిది కార్లు... అరవై ఏళ్ల తర్వాత!

కారంటే నాకు మైలేజీ, నెలవారీ వాయిదాల లెక్కలే తప్ప పెద్దగా మోజు లేదు. అలాంటి నన్ను కూడా వదలకుండా వెంటాడిన కారు కథ ఒకటుంది. దాని పేరు జాగ్వార్ ఎక్స్‌కేఎస్ఎస్. ఇంగ్లండులో 1957లో పాతిక తయారుచేద్దామనుకుంటే, లోకానికి దక్కినవి పదహారే. మిగతా తొమ్మిదీ ఏమయ్యాయన్నదే అసలు కథ.

ముందుగా ఆ కారు పుట్టుక గురించి చెప్పుకోవాలి. 1954లో జాగ్వార్ కంపెనీ డి-టైప్ అనే రేసుకారును బరిలోకి దించింది. దాని రూపశిల్పి మాల్కం సేయర్ అంతకుముందు విమానాల కంపెనీలో పనిచేసినవాడు. ఆ విద్యనంతా కారులో చూపించాడు. గాలిని కోసుకుంటూ పోయే నున్నటి ఒళ్లు, డ్రైవరు తల వెనక చేపకున్నట్టు ఓ రెక్క! ఫ్రాన్స్‌లోని లె మాన్స్‌లో 24 గంటలపాటు సాగే పందెంలో 1955 నుంచి వరసగా మూడేళ్లు గెలుపు దానిదే.

అయితే 1956లోనే కంపెనీ సొంత జట్టుతో పందేలకు వెళ్లడం మానేసింది. అమ్ముడుపోని కార్లు ఫ్యాక్టరీలో మిగిలిపోయాయి. వాటిని రోడ్డుమీద తిరిగే కార్లుగా మారిస్తే అమెరికాలో కొంటారన్న ఆలోచన వచ్చింది. వెనకున్న రెక్క తీసేశారు. ముందు అద్దం, వానకు గుడ్డ టాపు, సామాన్లు కట్టుకోవడానికి వెనక ఓ క్యారియరు పెట్టారు. సీట్ల మధ్య అడ్డు తొలగించి, రెండోవైపు తలుపు అమర్చారు. నాకు బాగా నచ్చింది ఈ తలుపే. అప్పటిదాకా ఒక్కడి పరుగు కోసమే ఉన్న కారు, పక్కన ఇంకో మనిషిని రమ్మన్నట్టు లేదూ!

ఆ ముచ్చట ఎన్నాళ్లో నిలవలేదు. 1957 ఫిబ్రవరి 12 సాయంత్రం కొవెంట్రీ నగరంలోని బ్రౌన్స్ లేన్ ఫ్యాక్టరీలో మంటలు లేచాయి. వందలాది కార్లు కాలిపోయాయి. వాటిలో ఎక్స్‌కేఎస్ఎస్‌లు తొమ్మిది. విచిత్రమేమిటంటే, అయిదు నెలలు తిరక్కుండానే అదే జూన్‌లో, ప్రైవేటు జట్ల చేతుల్లోని డి-టైప్‌లు లె మాన్స్‌లో మొదటి నాలుగు స్థానాలూ పట్టుకుపోయాయి.

మిగిలిన పదహారులో ఒకటి హాలీవుడ్ హీరో స్టీవ్ మెక్వీన్ కొనుక్కున్నాడు. ముదురాకుపచ్చ రంగు వేయించి యథేచ్ఛగా తిప్పాడు. ఓసారి అమ్మేశాడు కూడా. మనసు ఆగలేదేమో, కొన్నేళ్లకు మళ్లీ కొన్నాడు. 1980లో చనిపోయేదాకా అది అతని దగ్గరే ఉంది.

ఇంతలో జాగ్వార్ చేతులు మారుతూ 2008లో మన టాటా మోటార్స్ సొంతమైంది. 2016లో ఆ కంపెనీ ఓ ప్రకటన చేసింది... కాలిపోయిన తొమ్మిదింటినీ మళ్లీ తయారుచేస్తామని! బతికున్న పాత కార్ల కొలతలు తీశారు. మెగ్నీషియం మిశ్రమం రేకులను చెక్క అచ్చుకు సరిపోయేలా చేత్తోనే మలిచారు. ఒక్కో కారుకు రెండువేలకు పైగా రివెట్లు, దాదాపు పదివేల గంటల పని. ధర పదిలక్షల పౌండ్ల పైమాటే!

ఇవి అసలువేనా, నకళ్లా? డబ్బున్నవాళ్ల ముచ్చట కోసం చరిత్రను మళ్లీ పోతపోస్తారా అని అడిగేవాళ్లున్నారు. అందులో న్యాయముంది. మెక్వీన్ కారుకు విలువ తెచ్చింది రేకు కాదు, తిరిగిన దార్లు. కాలిపోయిన తొమ్మిదింటికీ దక్కాల్సిన ఆ అరవై ఏళ్లు ఎన్ని పౌండ్లు పోసినా తిరిగిరావు.

కానీ నాకు ఇంకోటి కూడా కనిపిస్తోంది. కారు పోతే కొలతలు చూసి కట్టుకోవచ్చు. రేకును చేత్తో వంచే పనితనం పోతే, దాన్ని ఏ కాగితంలోనూ చూసి నేర్చుకోలేం. ఈ తొమ్మిది కార్ల పుణ్యమా అని ఆ విద్య కొన్ని చేతుల్లోకి వచ్చింది. నా లెక్కలో మంటల్లోంచి నిజంగా బయటపడింది అదే.

కొన్నవాళ్లకు ఒక్క మనవి. వాటిని అద్దాల గదుల్లో దాచకండి. ఆ రెండోవైపు తలుపు తెరిచి, ఎవర్నో ఒకర్ని పక్కన కూర్చోబెట్టుకోండి. వాటికింకా సొంత కథ మొదలవ్వాలి కదా!